అందరికీ ఒకటే గులాబీ రంగు

మెరుగక్కకి ఊళ్ళో సగంమంది నోళ్ళు తెలుసు, ముఖాలు మాత్రం తెలియవు. పళ్ళ డాక్టర్లు బోసినోళ్ళ అచ్చులు తీసి పంపుతారు. ఆ అచ్చుల్లో ప్లాస్టరు పోసి దవడలు చేసి, వాటికి కట్టుడు పళ్ళు అమర్చడం ఆవిడా, ఆవిడ అన్నయ్యా చేసే పని. అన్నయ్య పళ్ళు పేరుస్తాడు, చిగుళ్ళ పొడి కలిపి అచ్చులో దట్టిస్తాడు, నీళ్ళలో ఉడకబెడతాడు. చెల్లెలు గీకుతుంది, రుద్దుతుంది, మెరుగు పెడుతుంది. ఆ మెరుగు చూసి ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు స్థిరపడిపోయి, అసలు పేరు ఆవిడ సంతకంలో మాత్రం మిగిలింది.

వాళ్ళ కొట్టు చెప్పుల దుకాణం మీది మేడగది. ఒక కిటికీ, ఒక పొడుగాటి బల్ల, గిర్రున తిరిగే మెరుగు చక్రం, మూల స్టవ్వు మీద ఎప్పుడూ కాగుతూ ఉండే నీళ్ళ గిన్నె. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టరు దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ అరల వంక చూసి ఒకడుగు వెనక్కి వేస్తారు. అంతమంది ఒక్కసారిగా నోరు తెరిచి కూర్చుంటే ఎవరికైనా కాస్త కంగారు పుడుతుంది కదా. సాయంత్రమయ్యేసరికి అన్నాచెల్లెళ్ళ కనుబొమలూ చెవులూ తెల్లబడి, ఇద్దరూ పిండిమరలోంచి బయటపడ్డట్టుంటారు.

అన్నయ్య దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి కూడా అది వినిపించకుండా పంపడు. "ఈ అరల్లో చూడండి. ఉన్నవాడెవడో లేనివాడెవడో చెప్పండి. నల్లవాడెవడో తెల్లవాడెవడో చెప్పండి. చెప్పలేరు! మా దగ్గర అందరూ ఒకటే రంగు. అందరికీ ఒకటే పొడి, ఒకటే పనితనం. భేదం అన్నది ఈ మెట్లెక్కి పైకి రాలేదండీ." మీటరువాడు తలూపి వెళ్ళిపోతాడు. మెరుగక్క చక్రం తిప్పుతూనే తలూపుతుంది. ఆవిడకి ఆ మాట మీద నమ్మకమే కాదు, లోపల కాస్త గర్వం కూడా.

అన్నయ్య చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే కాసేపట్లో ఆయన మీద కోపం వస్తుంది. రానివ్వండి, కానీ అంతా ఆయన ఒక్కడి మీదే ఖర్చు పెట్టెయ్యకండి. కాస్త మిగుల్చుకోండి.

ఆ ఊరికి మధ్యలో వంతెన. వంతెన అవతల ఉండేవాళ్ళు నలుపు, ఒత్తయిన ఉంగరాల జుట్టు. ఏ కాలంలోనో రేవులో మూటలు మోయించడానికి ఎక్కడినుంచో ఓడల్లో తెచ్చినవాళ్ళ మునిమనవలు. ఇప్పుడు వాళ్ళలో గుమాస్తాలున్నారు, నర్సులున్నారు, బడిపంతుళ్ళున్నారు. అయినా ఇవతలివాళ్ళ నోట్లో ఇప్పటికీ 'అవతలివాళ్ళే'. ఇవతలివాళ్ళకి అవతలివాళ్ళ గురించి తెలియని సంగతి లేదు. వంతెన దాటి చూసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

అలా తెలిసిన సంగతుల్లో ఒకటి: అవతలి పెద్దవాళ్ళు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. సిగ్గరులు. వాళ్ళ ఆచారం అది. ఈ ఆచారాన్ని అన్నయ్య నోరారా మెచ్చుకునేవాడు. "ఎంత మర్యాదో చూడు! మనవాళ్ళూ ఉన్నారు, నవ్వితే కొండనాలుక దాకా కనిపిస్తుంది," అనేవాడు. నవ్వు నాలుగు విధాల చేటని మనవాళ్ళు ఊరికే నోటితో అంటారు, అవతలివాళ్ళు పాటిస్తారు, అని ముగింపు. మెచ్చుకోవడమే కాబట్టి అందులో తప్పేముందని ఎవరికీ అనిపించలేదు.

ఒకరోజు ఒక పళ్ళ సెట్టు మీద మళ్ళీ ఫిర్యాదు వచ్చింది. పై దవడ సెట్టు. ఇదివరకు రెండుసార్లు సరిచేసి పంపిందే. డాక్టరు ఫోను చేసి మొత్తుకున్నాడు. "బ్రహ్మాండంగా కూర్చుందయ్యా. కదలదు, గుచ్చుకోదు, అన్నీ నములుతోంది. ఆవిడేమో ఇది నాది కాదు అంటోంది. ఎవరిదమ్మా అంటే నాకేం తెలుసు అంటోంది. నా వల్ల కాదు, ఆవిణ్ణే మీ దగ్గరికి పంపించాను."

"నాది కాదట!" అన్నాడు అన్నయ్య ఫోను పెట్టేసి. "ఆవిడ దవడ మీద పోసిన పళ్ళు ఆవిడవి కాకపోతే పక్కింటివాళ్ళవా?"

ఆయన ఇంకా చిందులేస్తుండగానే మెట్ల మీద అడుగుల చప్పుడయింది. దబదబా, ఎవరికీ దారివ్వని అడుగులు. ఒక పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. అవతలి మనిషి. తెల్లబడ్డ ఉంగరాల జుట్టు, చంకలో సంచీ. అరల వంక చూసి వెనక్కి అడుగు వెయ్యలేదు సరికదా, బస్సులో జనాన్ని చూసినట్టు ఆ దవడలన్నిటినీ ఒకసారి పరికించింది.

మెరుగక్క చప్పున గుర్తుపట్టింది. పని నేర్చుకునే రోజుల్లో తను ఎక్కిన బస్సులో కండక్టరు ఈవిడే! ఏం నవ్వు నవ్వేదని! రెండు స్టాపుల ముందే బస్సు వస్తోందని ఆ నవ్వుని బట్టి తెలిసేది. వేలాడుతున్నవాళ్ళూ నవ్వేవాళ్ళు, తొక్కించుకున్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. ఆవిడొక్కర్తీ మాత్రం అవతలివాళ్ళలా ఉండదు అనుకునేవాళ్ళు అప్పట్లో ఇవతలివాళ్ళు.

"కండక్టరమ్మా! నేను మీ బస్సు ఎక్కేదాన్ని. చెక్క పెట్టె పట్టుకుని…"

"పెట్టెకి కూడా టికెట్టు కొట్టాను కదూ?" అంది ఆవిడ. అని నవ్వింది. నవ్వు బయటికి వచ్చీ రాకముందే ఆవిడ అరచెయ్యి లేచి నోటికి అడ్డం పడింది.

అయ్యో, ఈవిడకీ వయసొచ్చేసరికి వాళ్ళ ఆచారం అబ్బింది, అనుకుంది మెరుగక్క.

అన్నయ్య కుర్చీ జరిపాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మా వల్ల లోటేమిటో చెప్పండి. గట్టిగా ఉందా? వదులుగా ఉందా?"

"కొలత బాగుంది."

"మాట తడబడుతోందా?"

"పడితే నీతో ఇలా మాట్లాడతానా?"

"మరి నచ్చకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళకపోయారా?"

"వెళ్ళానయ్యా. ఆయనా మీకే పంపుతాడట. ఇంకొకాయన దగ్గరికీ వెళ్ళాను, ఆయనా మీకేనట. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం!" అంటూ ఆవిడ లేచి కిటికీ దగ్గరికి నడిచింది. "అమ్మాయ్, నువ్విలా రా. నీ కళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి."

వెలుగులోకి తిరిగి, సెట్టు ఊడదీసి, పై పెదవి వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. ఖాళీ చిగుళ్ళు ముదురు గోధుమరంగులో, పక్కలకి వెళ్ళేకొద్దీ ఇంకా చిక్కబడి ఉన్నాయి. తర్వాత సెట్టు తొడుక్కుని మళ్ళీ పెదవి ఎత్తింది. నల్లటి ముఖం, ముదురు పెదవులు, వాటి మధ్య ప్లాస్టిక్ బొమ్మకి ఉండేలాంటి గులాబీ రంగు చిగుళ్ళు తళతళ మెరుస్తున్నాయి. ఆ మెరుగు పెట్టింది మెరుగక్కే.

"నా నోట్లో ఎవరో పరాయి మనిషి దూరి నవ్వుతున్నట్టు లేదూ?"

మెరుగక్క ఇంకాస్త దగ్గరికి వంగి చూసింది. ఉంది. అచ్చం అలాగే ఉంది. ఇన్నేళ్ళుగా సెట్లు చేతిలో చూసింది గానీ నోట్లో చూడలేదు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, చిగుళ్ళంటే గులాబీ రంగేనండీ. డబ్బా మీద కూడా రాసుంటుంది చూడండి, సహజమైన చిగుళ్ళ రంగు అని."

"ఎవరికి సహజం?"

"అంటే… అందరికీ. మేం అందరికీ అదే వేస్తాం. మీకొకటీ మాకొకటీ అని భేదం చూపించం. అది మా నియమం."

"నాకు చూపించవయ్యా భేదం! పెద్ద మనసు చేసుకుని చూపించు. నేను వచ్చిందే అందుకు."

అన్నయ్య ఉపన్యాసానికి ఇలాంటి జవాబు మునుపెన్నడూ తగల్లేదు. ఆయన అరల వంక సాయం కోసం చూశాడు. అరల్లోవాళ్ళు నోరు తెరిచే ఉన్నారు గానీ ఒక్కరూ మాట్లాడలేదు.

కండక్టరమ్మ సెట్టు తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది. గొంతు తగ్గించింది. "నాకు సోకు కాదమ్మాయ్. అద్దంలో చూసుకునే వయసు దాటిపోయాను. మా ఇంట్లో మనవరాలుంది. ఈమధ్యే ఏడాది నిండింది. దానికి చక్కగా నాలుగు పళ్ళు, నాలాంటి చిగుళ్ళు. మొన్నటినుంచి నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఎవరు నేర్పారనుకుంటున్నావ్? నేనే. రోజంతా నా దగ్గరే కదా ఉంటుంది. నవ్వంటే ఇలా దాచుకోవాలి కాబోలు అనుకుంటోంది పిచ్చిది. అది ముదరకముందే నాకు నా నోరు కావాలి."

ఇక్కడ మెరుగక్క ఒక మాట అంది. ఎంతో దయగా, ఓదార్పుగా అంది.

"కానీ అమ్మా, అది మీవాళ్ళ ఆచారమే కదా?"

"ఏది?"

"అదే… పెద్దవాళ్ళు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి…"

కండక్టరమ్మ ఆవిడ వంక, టికెట్టు లేకుండా పట్టుబడ్డ మనిషిని చూసినట్టు చూసింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు."

"మాకు తప్ప!" అంది కండక్టరమ్మ. "ఆచారమా? మా అమ్మ నవ్వితే పక్కింట్లో పడుకున్న పిల్లలు లేచేవాళ్ళు. మా తాతకి నోట్లో ఒక్క పన్ను లేదు, బోసినోరు బార్లా తెరిచి వీధంతా వినబడేలా నవ్వేవాడు. మాకు నోరు మూసుకుని నవ్వే ఆచారం ఎక్కడేడిసింది? మా వీధిలో చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళందరికీ కట్టుడు పళ్ళే. ఆ పళ్ళతోపాటే వచ్చింది ఈ…"

ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. ఆగి, నెమ్మదిగా తల తిప్పి అరల వంక చూసింది. మెరుగక్కా అటే చూసింది. చుట్టుపక్కల ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చివరికి వచ్చేది ఈ గదికే. ఆ వీధిలో ఉన్న ప్రతి సెట్టూ ఈ బల్ల మీద ఉడికి, ఈ చక్రం మీద మెరుగు తేలిందే.

 అంత సిగ్గు మెరుగక్క జన్మలో ఎరగదు. ఊళ్ళో ఒక వైపు జనం నవ్వుకి తామే మూత వేసి, ఆ మూత చూసి ఎంత సంస్కారమో అని మెచ్చుకుంటూ కూర్చున్నారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, వీళ్ళు అది కూడా చెయ్యలేదు. పిల్ల ఏడుపు విని, పాట బాగుందన్నారు.

"ఎల్లుండి రండమ్మా. ఆ సెట్టు ఇక్కడే ఉంచండి," అంది.

"ఉంచక? నాది కాదని చెప్పాను కదా," అని కండక్టరమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆవిడ వీధి చివర మలుపు తిరగ్గానే అన్నాచెల్లెళ్ళకి మొదలైంది. టీ ఫ్లాస్కు పట్టుకుని అప్పుడే పైకొచ్చిన వదిన, ఫ్లాస్కు దింపకుండానే గోడకి ఆనుకుని వినసాగింది.

"నేనెవర్నైనా ద్వేషించానా?" అన్నాడు అన్నయ్య. "నా గుండె మీద చెయ్యేసి చెప్తాను, అవతలివాళ్ళ మీద నాకు ఆవగింజంత కోపం లేదు. ద్వేషం లేకుండా పాపం ఎక్కణ్ణించి వస్తుందే?"

"సెట్టు అంచు గరుగ్గా వదిలేస్తే ఏమవుతుంది అన్నయ్యా?"

"నోట్లో పుండు పడుతుంది."

"ద్వేషంతో వదిలామా, చూసుకోక వదిలామా అని ఆ పుండు అడుగుతుందా?"

అన్నయ్య తడుముకున్నాడు. "అడగదు. అయితే మాత్రం! కావాలని చేసినవాడూ చూసుకోనివాడూ ఒకటేనంటావా?"

"ఒకటి కాదు. చూసుకోనివాడికి చెప్తే దిద్దుకుంటాడు." మెరుగక్క చేతులు తుడుచుకుంది. "చెప్పాక కూడా దిద్దుకోకపోతే అప్పుడు ఒకటే."

"అంతా నా మీదే పెట్టు. ఆ పొడి నేను కనిపెట్టానా? డబ్బా తయారుచేసినవాడు, అమ్మినవాడు, అచ్చు తీసి పంపిన డాక్టరు, వీళ్ళందరికీ లేదా?"

"తిలా పాపం తలా పిడికెడు. నీ పిడికెడు నువ్వు తీసుకో, నా పిడికెడు నేను తీసుకుంటాను. మెరుగు పెట్టింది నేనేగా."

అన్నయ్య గదిలో అటూ ఇటూ నడిచాడు. ఆయన ఇప్పుడు చెప్పబోయేది కొట్టిపారేసే మాట కాదు, అది మెరుగక్కకీ తెలుసు. "సరే, రెండో డబ్బా పెడదాం. ఎవరికి ఏ డబ్బా అన్నది ఎవరు చెప్పాలి? డాక్టరు ఫోను చేసి 'అవతలి మనిషి' అంటే నేను ఆ డబ్బా తియ్యాలా? రేపు ఇంకెవరో వచ్చి, మాకు వేరే డబ్బా పెట్టారట, ఎంత పొగరు వీళ్ళకి, అంటే? ఇన్నాళ్ళూ రాని భేదం అప్పుడు నిజంగా మెట్లెక్కి వస్తుందే!"

దీనికి జవాబు వదిన దగ్గరనుంచి వచ్చింది. ఆవిడ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, మొగుడి దగ్గరికి వెళ్ళి, గుర్రాన్ని బేరమాడేవాడిలా ఆయన పై పెదవి పట్టుకుని పైకెత్తింది.

"ఏంటే నువ్వు?"

"కదలకండి. ఏమే, ఆ డబ్బా మూత తియ్యి. ఇలా పక్కన పట్టుకో."

పట్టుకుంది. అన్నయ్య చిగుళ్ళు మధ్యలో ఎర్రగా, అంచుల్లో చామనచాయగా ఉన్నాయి. కోరపన్ను పైన చిగురు మీద చిన్న నల్లమచ్చ కూడా ఉంది. డబ్బాలో పొడి గులాబీ రంగులో ఉంది. తర్వాత వదిన పెదవి ఎత్తారు. ఊదా కలిసిన ఎరుపు. మెరుగక్క పెదవి ఎత్తారు. అదింకో రంగు. ముగ్గురూ ఒకరి నోట్లోకి ఒకరు తొంగిచూసుకుంటూ ఉండగా కింద చెప్పుల దుకాణం ఆయన ఏదో అడగడానికి పైకొచ్చి, ఒక్క క్షణం నిలబడి, ఏమీ అడగకుండానే దిగిపోయాడు.

సహజమైన ఆ రంగు ఆ గదిలో ఎవరి నోట్లోనూ లేదు. ఇవతలివాళ్ళకి ఎంతో కొంత దగ్గరగా ఉండి చెల్లిపోయింది, అంతే.

"అయితే అవతలివాళ్ళని అడగడం కాదు," అంది వదిన. "ఎవరొచ్చినా అడగండి. ప్రతివాడికీ పెదవి ఎత్తి చూసి, ఆ రంగు కలపండి. అందులో చిన్నతనం ఎవరికి?"

"గురివింద గింజకి తన కింద నలుపు తెలియదని నేనే ఎంతమందిని అన్నానో!" అన్నాడు అన్నయ్య పెదవి రుద్దుకుంటూ.

"చూశారా, ఆ సామెతలో కూడా తప్పు నలుపుదే చేశారు," అంది వదిన టీ పోస్తూ.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మెరుగక్క రంగు కలపడానికి కూర్చుంది. గోధుమరంగు కోసం ఊరంతా తిరగాల్సి వస్తుందేమో అనుకుంది. లేచి అర తెరిస్తే చిన్న సీసాలో కనిపించింది. చుట్టలు కాల్చే పెద్దమనుషులు కొందరుంటారు. తెల్లగా మెరిసే పళ్ళు పెట్టుకుంటే కట్టుడు పళ్ళని తెలిసిపోతుందని, వాటి మీద పొగాకు మరక కూడా వేసిమ్మంటారు. అందుకోసం తెప్పించిన రంగు అది. ఎవరి పంటి మీద మరక ఎంత ముదురుగా ఉండాలో అన్నయ్య ఫోను చేసి మరీ కనుక్కునేవాడు. అది గుర్తొచ్చి మెరుగక్క సీసా చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.

మొదట కలిపింది బురదలా తయారైంది. రెండోది మరీ పలచన. తర్వాత అన్నయ్య పక్కకొచ్చి, చెప్పా పెట్టకుండా చెంచా లాక్కుని, గులాబీ పొడి సగం తీసేసి, అంచుల కోసం చిక్కటిది విడిగా కలిపాడు. చెయ్యి మంచిది ఆయనది, కాదనలేం. దట్టించారు, ఉడకబెట్టారు. వీధి దీపాలు వెలిగే వేళకి సెట్టు చల్లారి చేతికొచ్చింది. మెరుగక్క ఈసారి బొమ్మలా తళతళలాడే మెరుగు పెట్టలేదు. చిగుళ్ళ మీద సన్నటి గీతలు కూడా తీసి, తడిగా ఉన్నట్టు కనిపించేలా రుద్ది వదిలేసింది.

అనుకున్న రోజున కండక్టరమ్మ వచ్చింది. వదిన కూడా పనులన్నీ మానుకుని వచ్చి కూర్చుంది. ఆ నవ్వు గురించి మెరుగక్క చెప్పగా విని ఉంది మరి. అన్నయ్య గోడకున్న అద్దం తీసి పొడి గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

ఆవిడ సెట్టు తొడుక్కుంది. పెదవి ఎత్తి చూసుకుంది. పెదవి వదిలేసి, మామూలుగా నోరు తెరిచి చూసుకుంది. ఎక్కడ తన చిగుళ్ళు ఆగి ఎక్కడ వీళ్ళ పని మొదలైందో తెలియడం లేదు. ముగ్గురూ నవ్వు కోసం ఊపిరి బిగబట్టారు.

నవ్వు రాలేదు. కండక్టరమ్మ అద్దం ఒళ్ళో బోర్లించింది.

"ఎంతసేపు పట్టింది దీనికి?"

చాలా కష్టపడ్డాం అనే మాట మెరుగక్క నాలుక చివరిదాకా వచ్చింది. అలా చెప్తే ఇద్దరికీ కాస్త తేలికగా ఉండేది. చెప్పలేకపోయింది.

"ఒక మధ్యాహ్నం అమ్మా."

"సామాను ఎక్కడినుంచైనా తెప్పించారా?"

"లేదు. ఇక్కడే ఉంది."

కండక్టరమ్మ అరల వంక ఒకసారి చూసింది. "మా ఆయన ఆ బస్సు డ్రైవరు," అంది. "నేను వెనక నవ్వితే ఆయన ముందు నవ్వేవాడు. పళ్ళు కట్టించుకున్నాక నవ్వడం మానేశాడు. వయసొచ్చి మూతి బిగుసుకుపోయింది నీకు అని నేను రోజూ సాధించేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. చెప్పుకోడానికి సిగ్గేసి ఉంటుంది. నాకు పళ్ళూడి ఆ మొదటి సెట్టు తొడుక్కునేదాకా నాకే తెలియలేదు. అప్పటికి ఆయన పోయాడు. ఆ గులాబీ చిగుళ్ళతోనే పోయాడు." అద్దం వెనక వైపు వేలితో రుద్దింది. "ఒక్క మధ్యాహ్నం పని!"

"మేం కావాలని…" అని అన్నయ్య మొదలుపెట్టాడు. సగంలో ఆగి, ఆ మాట మింగేశాడు. ఆయన బతుకులో పూర్తి చెయ్యకుండా వదిలేసిన మొదటి వాక్యం అదేనేమో.

మెరుగక్కకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "అమ్మా, మమ్మల్ని…"

"ఏడవకు," అంది కండక్టరమ్మ. కోపంగా అనలేదు, అలసటగా అంది. "నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. ఇవాళ నాకంత ఓపిక లేదు. క్షమించడం, క్షమించకపోవడం నేను నిదానంగా చూసుకుంటాను. అది నా పని. నీ పని వేరే ఉంది. సంచీ సర్దుకుని నడు."

"ఎక్కడికి?"

"మా వీధికి. మెట్లెక్కలేనివాళ్ళున్నారు. ఎక్కగలిగినా నాలా పోట్లాడలేనివాళ్ళున్నారు. నువ్వే వచ్చి చూసుకో రంగులు."

మెరుగక్క ముక్కు తుడుచుకుని సంచీలో పొడులు, సీసాలు, గిన్నెలు సర్దింది. గుమ్మం దాటుతుంటే అన్నయ్య వెనకనుంచి పిలిచాడు. "అద్దం కూడా పట్టుకెళ్ళవే. దారిలో పగలగొట్టకు." తనూ వస్తానని అనలేదు. కానీ స్టవ్వు కట్టేసి, అరల్లోంచి అవతలివాళ్ళ దవడలు ఏవై ఉంటాయా అని ఒక్కొక్కటీ దింపి చూడసాగాడు. ప్లాస్టరు తెల్లగా ఉంటుంది కదా, ఒక్కటీ పోల్చుకోలేకపోయాడు.

వంతెన అంత పొడుగుదేమీ కాదని నడిచి దాటితే తెలిసింది మెరుగక్కకి. అవతలి వీధి ఇవతలి వీధిలాగే ఉంది. ఆరేసిన బట్టలు, చెడిపోయిన స్కూటరు, అరుగు మీద పేపరు చదువుకునే ముసలాయన. కండక్టరమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. లోపలినుంచి ఆవిడ కోడలు ఎత్తుకుని తెచ్చిన పిల్ల నానమ్మని చూస్తూనే చేతులు చాచింది.

కండక్టరమ్మ పిల్లని ఎత్తుకుంది. వాకిట్లో నిలబడి, దాని ముఖంలోకి చూస్తూ, నోరంతా తెరిచి నవ్వింది. చెయ్యి లేవలేదు.

పిల్ల ఆ నోట్లోకి ఆశ్చర్యంగా చూసింది. ఏదో ఉండాల్సింది లేదు. కాసేపు ఆలోచించి, తన బుల్లి అరచెయ్యి చాపి నానమ్మ నోటికి జాగ్రత్తగా అడ్డం పెట్టింది.

కోడలు నవ్వబోయి, అత్తగారి కళ్ళు చూసి ఊరుకుంది. మెరుగక్క సంచీ కింద పెట్టలేక, పట్టుకోలేక అలాగే నిలబడింది.

కండక్టరమ్మ ఆ చెయ్యి తీసేసింది. పిల్ల మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టింది. పిల్లకి అదొక ఆటైపోయింది, కిలకిల మొదలుపెట్టి, రెండో చేత్తో తన నోరు కూడా మూసుకుంది. అప్పుడు కండక్టరమ్మ దాని రెండు చేతులూ తన ఒక్క చేత్తో పట్టుకుని నవ్వింది. కన్నీళ్ళు చెంపల మీదుగా గడ్డందాకా కారుతూనే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆ పాత నవ్వే, రెండు స్టాపుల అవతలికి వినబడేదే. పిల్ల గింజుకుంది, చేతులు రాలేదు, చివరికి అదీ నోరు తెరుచుకునే నవ్వింది.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. చాలాకాలానికి విన్న చప్పుడుకి ఒక్కొక్కరే బయటికొచ్చారు. అరుగు మీది ముసలాయన పేపరు మడిచి దగ్గరికి వచ్చాడు. నవ్వు ఆపుకోలేక, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మెరుగక్క వంక చూపిస్తూ అడిగాడు.

"ఎవరీవిడ?"

"మన నోళ్ళు మూయించింది ఈవిడే," అంది కండక్టరమ్మ. "తెరవడానికొచ్చింది. కుర్చీ వెయ్యండి, మంచినీళ్ళివ్వండి."